పాత వెండి రూపాయి దొరికితే: అది అసలుదేనా, విలువ ఎంత, అమ్ముకునే హక్కు ఎవరిది?

పాత ఇల్లు పడగొడుతుంటే గోడలోంచి, అమ్మమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే చీర మడతలోంచి, పొలం దున్నుతుంటే నాగటి చాలులోంచి నల్లబడిన ఒక వెండి రూపాయి బయటపడుతుంది. ఒక వైపు కిరీటం పెట్టుకున్న రాణి బొమ్మ, రెండో వైపు ఏదో సంవత్సరం ఉంటాయి. ఆ తర్వాత సాధారణంగా రెండింటిలో ఒకటి జరుగుతుంది. దాన్ని చింతపండుతో తోమి, కంసాలి దగ్గరికి తీసుకెళ్లి వెండి ధరకు ఇచ్చేస్తారు. లేదంటే 'ఈ నాణెం మీ దగ్గరుంటే లక్షాధికారులే' అన్న వీడియో చూసి, అందులోని నంబరుకు ఫోన్ చేస్తారు.

మొదటి దారిలో అప్పుడప్పుడూ ఒక అరుదైన నాణెం కరిగి ముద్దవుతుంది. రెండో దారిలో చాలాసార్లు చేతిలో ఉన్న డబ్బు పోతుంది.

పాత నాణెం విషయంలో అడగాల్సిన ప్రశ్నలు నాలుగు. అది వెండేనా? అది అసలు నాణెమేనా? వెండి ధరను మించిన విలువ దానికి ఉందా? దాన్ని అమ్ముకునే హక్కు దొరికినవారికి ఉందా? చిక్కంతా ఈ నాలుగింటినీ ఒకటే అనుకోవడంలో ఉంది. మంచి వెండితో చేసినదే అయినా నాణెం నకిలీ కావచ్చు. నూటికి నూరుపాళ్లూ అసలైన నాణేనికీ వెండి ధరకు మించి రాకపోవచ్చు. నిజంగా విలువైనది దొరికినా, దాన్ని ఎవరికీ చెప్పకుండా అమ్మితే జైలుకు వెళ్లాల్సి రావచ్చు.

ముందు తోమడం ఆపాలి

తెలుగు ఇళ్లలో వెండి నల్లబడితే విభూతితోనో, చింతపండుతోనో, టూత్‌పేస్టుతోనో రుద్దడం అలవాటు. పూజ గిన్నెలకు అది సరే. నాణేనికి మాత్రం అదే పెద్ద నష్టం.

గాలిలోని గంధకపు సమ్మేళనాలతో కలిసి వెండి మీద ఏర్పడే సల్ఫైడు పొరే ఆ నలుపు. అది లోహాన్ని తినేసే తుప్పు లాంటిది కాదు. దశాబ్దాల పాటు నెమ్మదిగా, సమానంగా పట్టిన ఆ పొర నాణెం పాతదనడానికి ఒక ఆధారం. రుద్దితే పొరతో పాటు అక్షరాల అంచులు, రాణి జుట్టులోని సన్నని గీతలు, అచ్చు వేసినప్పుడు వచ్చిన సహజమైన మెరుపు కూడా పోతాయి. వెంట్రుకల్లాంటి కొత్త గీతలు పడతాయి. సేకర్తలు భూతద్దంలో మొదట వెతికేది వాటినే. ఒకసారి తోమిన నాణేన్ని మళ్లీ తోమని నాణెంగా చేయడం ఎవరి తరమూ కాదు.

మట్టి పట్టి ఉంటే మామూలు నీళ్లలో నానబెట్టి, రుద్దకుండా మెత్తని గుడ్డపై ఆరబెడితే చాలు. తర్వాత నాణేన్ని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి.

అది ఏ నాణెం?

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువగా దొరికే పాత వెండి నాణేలు రెండు రకాలు. ఒకటి బ్రిటిష్ ఇండియా రూపాయి. తెలంగాణలో పెద్దవాళ్లు దాన్ని 'కల్దారు' అనేవారు. 'కల్' అంటే యంత్రం, యంత్రం మీద అచ్చయిన రూపాయి అని అర్థం. రెండోది నిజాం ప్రభుత్వపు హాలీ సిక్కా.

1835కు ముందు దేశంలో ఒక్కో ప్రాంతంలో ఒక్కో రూపాయి నడిచేది. ఈస్టిండియా కంపెనీ కూడా మద్రాసు వైపు మొఘల్ చక్రవర్తి రెండో ఆలంగీర్ పేరుతోనే ఆర్కాటు రూపాయలు అచ్చువేసింది. 1835లో చేసిన చట్టంతో కంపెనీ పాలనలోని ప్రాంతాలన్నిటికీ ఒకే రూపాయి వచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. అందులో 12 పాళ్లకు 11 పాళ్లు వెండి, అంటే 91.7 శాతం. మన పాత 'తులం' ఈ రూపాయి బరువే.

బొమ్మ వైపు చూస్తే కాలం తెలుస్తుంది.

1835 నాటి రూపాయి మీద నాలుగో విలియం తల కుడివైపు తిరిగి ఉంటుంది, కిరీటం ఉండదు. 1840 రూపాయి మీద యువరాణిలా కనిపించే విక్టోరియా ఎడమవైపు చూస్తుంటుంది. ఈ రెండింటికీ బొరుసు వైపు 'ఈస్ట్ ఇండియా కంపెనీ' అని ఉంటుంది. కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చాక, 1862 నుంచి కిరీటం ధరించిన విక్టోరియా బొమ్మ మొదలైంది. 1876 వరకు ఆమె 'క్వీన్', 1877 నుంచి 1901 వరకు 'ఎంప్రెస్'. ఏడో ఎడ్వర్డ్ 1903 నుంచి 1910 దాకా కిరీటం లేకుండా కుడివైపు చూస్తాడు. అయిదో జార్జి 1911 నుంచి, ఆరో జార్జి 1938 నుంచి కిరీటంతో ఎడమవైపు చూస్తారు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 1862 అని ఉన్న రూపాయి 1862లోనే తయారై ఉండాలని లేదు. ఆ తర్వాత పదేళ్లకు పైగా అదే సంవత్సరంతో రూపాయలు అచ్చువేస్తూ పోయారు. వాటిలో కొన్నిటిని వేరుచేసేవి సంవత్సరం దగ్గరున్న చిన్న చుక్కలే. అందుకే '1862' అన్న అంకె చూసి అరుదైనదని పొంగిపోవాల్సిన పని లేదు. చుక్కలు ఎన్ని, ఎక్కడ అన్నది మాత్రం చూడాలి.

హాలీ సిక్కాను గుర్తించడం ఇంకా తేలిక. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 20వ శతాబ్దం మొదట్లో, చార్మినార్ బొమ్మతో రూపాయి వచ్చింది. చార్మినార్ మధ్య ద్వారంలో ఒక అక్షరం ఉంటుంది. 'మీమ్' అయితే మహబూబ్ అలీ ఖాన్‌ది, 'ఐన్' అయితే ఉస్మాన్ అలీ ఖాన్‌ది. దీని బరువు దాదాపు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. బ్రిటిష్ రూపాయి కంటే వెండి తక్కువ కాబట్టే ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారు రూపాయల లెక్కన మారకం నడిచింది.

హాలీ సిక్కా మీద సంవత్సరం చదివేటప్పుడు చాలామంది పొరబడతారు. దాని మీద ఉర్దూ అంకెల్లో 1330 అని ఉంటే అది క్రీస్తుశకం 1330 కాదు, హిజ్రీ సంవత్సరం. అంటే 1911–12. 'కాకతీయుల కాలం నాటి, 700 ఏళ్ల నాణెం' అని చెప్పుకొనే వాటిలో కొన్ని నిజానికి నూరేళ్ల పైచిలుకు వయసున్న చార్మినార్ రూపాయలే. వాటి మీద కనిపించే 92 కూడా సంవత్సరం కాదు. అక్షరాలకు సంఖ్యలు ఇచ్చే అబ్జద్ పద్ధతిలో అది ముహమ్మద్ ప్రవక్త పేరుకు సమానమైన సంఖ్య.

వెండేనా? ఇంట్లో చేసుకోదగ్గ మూడు పరీక్షలు

మొదటిది తూకం. గ్రాములో నూరో వంతు దాకా చూపే చిన్న త్రాసు కావాలి. 1835 నుంచి 1939 దాకా వచ్చిన బ్రిటిష్ ఇండియా రూపాయి కొత్తగా 11.66 గ్రాములు ఉండేది. చేతులు మారి అరిగితే కొంత తగ్గుతుంది. బాగా అరిగిన నాణెం 11.4 గ్రాములు తూగితే ఆశ్చర్యం లేదు. కానీ అక్షరాలన్నీ కొత్తగా, పదునుగా ఉండి బరువు మాత్రం 10.8 గ్రాములే ఉంటే అనుమానించాలి. అసలు కంటే బరువెక్కువ ఉన్నా అనుమానించాల్సిందే. అరుగుదల బరువును తగ్గిస్తుంది తప్ప పెంచదు. వ్యాసం కూడా కొలవాలి. అది 30.5 మిల్లీమీటర్లు, లేదా దానికి కాస్త పైన ఉంటుంది.

రెండోది అయస్కాంతం. వెండిని అయస్కాంతం లాగదు. అతుక్కుంటే అది ఇనుమో, నికెలో కలిసిన నకిలీ. అయితే అతుక్కోనంత మాత్రాన వెండి అని కాదు. రాగి, ఇత్తడి, సీసం, జర్మన్ సిల్వర్ కూడా అతుక్కోవు. జర్మన్ సిల్వర్ పేరులో సిల్వర్ ఉన్నా అందులో వెండి చుక్క కూడా ఉండదు, అది రాగి, నికెల్, జింకుల మిశ్రమం.

మూడోది నీళ్ల పరీక్ష. ఇదే అన్నిటికంటే నమ్మదగినది. త్రాసు మీద సగం నీళ్లున్న గ్లాసు పెట్టి అంకెను సున్నాకు తేవాలి. నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ అంచులకూ తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయాలి. అప్పుడు త్రాసు చూపే బరువు నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం అసలు బరువును ఆ అంకెతో భాగిస్తే దాని సాంద్రత వస్తుంది.

91.7 శాతం వెండి, మిగతా రాగి ఉన్న లోహం సాంద్రత దాదాపు 10.3. అంటే 11.66 గ్రాముల రూపాయిని ముంచితే త్రాసు 1.13 గ్రాముల దగ్గర ఆగాలి. రాగి, నికెల్ మిశ్రమమైతే 1.3 దాటుతుంది. ఇంత చిన్న తేడా కంటికి కనపడదు కానీ త్రాసు పట్టేస్తుంది. పైన వెండి పూత పూసినా లోపలి లోహం దాగదు.

ఒక మినహాయింపు గుర్తుంచుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వెండి కరవైంది. 1940 నుంచి 1945 దాకా వచ్చిన ఆరో జార్జి రూపాయల్లో వెండి 50 శాతమే, మిగతాది రాగి, నికెల్, జింకు. వాటి సాంద్రత 9.5 దగ్గర ఉంటుంది. అది నకిలీ అని కంగారు పడొద్దు. హాలీ రూపాయిలో కూడా 1940ల మొదట్లో వెండి సగానికి తగ్గింది. ఇక 1947 నాటి పులి బొమ్మ రూపాయిలో వెండే లేదు. అది నికెల్, అయస్కాంతానికి అతుక్కుంటుంది. అయినా అసలైన నాణెమే.

పూర్వం షరాబులు రూపాయిని రాతి మీద మోగించి శబ్దాన్ని బట్టి మంచి చెడ్డలు చెప్పేవారు. అలవాటైన చెవికి అది తెలుస్తుంది. కానీ గచ్చు మీద పడేస్తే అంచు నొక్కుకుపోతుంది. కంసాలి గీటురాయి మీద గీసినా, ఆమ్లపు చుక్క వేసినా మచ్చ శాశ్వతంగా ఉండిపోతుంది. లోహం శాతం కచ్చితంగా తెలియాలంటే నగల దుకాణాల్లో, హాల్‌మార్కింగ్ కేంద్రాల్లో ఉండే ఎక్స్‌రే యంత్రంతో చూపించుకోవచ్చు. అది నాణేన్ని గీయకుండానే ఏ లోహం ఎంత ఉందో చెబుతుంది. అయితే అది పైపొరనే ఎక్కువగా చదువుతుంది. మందపాటి వెండి పూత ఉంటే మోసపోగలదు. అందుకే యంత్రం చీటీ వచ్చినా నీళ్ల పరీక్ష మానకూడదు.

వెండే, కానీ అసలు నాణెమా?

ఇక్కడే చాలామంది ఆగిపోతారు. 'వెండి అని తేలింది కదా, ఇక అసలుదే' అనుకుంటారు. కానీ ధన త్రయోదశికి, దీపావళికి పూజలో పెట్టుకోవడానికి విక్టోరియా, అయిదో జార్జి బొమ్మలతో వెండి బిళ్లలు ఏటా కొత్తగా తయారవుతాయి. వాటిలో వెండి ఉంటుంది. కానీ అవి టంకశాలలో పుట్టిన రూపాయలు కావు.

అసలు రూపాయి ఉక్కు అచ్చుల మధ్య బలమైన ఒత్తిడితో తయారవుతుంది. అందుకే అక్షరాలు నేల నుంచి నిటారుగా లేచి ఉంటాయి, మధ్యలోని ఖాళీ చోటు నునుపుగా ఉంటుంది. నకిలీలు చాలావరకు అసలు నాణెం నుంచి మూస తీసి, కరిగిన లోహం పోసి చేసినవి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంలో వాటి గుట్టు తెలుస్తుంది. ఉపరితలం మీద సూదిమొన ఆనవాళ్లంత గుంటలు కనిపిస్తాయి. గాలి బుడగలు వదిలిన గుర్తులవి. అక్షరాల మూలలు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. అంచు చుట్టూ ఉండాల్సిన నిలువు గీతలు ఒక చోట కలగాపులగంగా ఉంటాయి, లేదా రెండు సగాలు అతికిన గీత కనిపిస్తుంది. బొమ్మా బొరుసూ చూసి వదిలేయకుండా అంచు చూడటం తప్పనిసరి. నకిలీ చేసేవారు ఎక్కువగా తప్పు చేసేది అక్కడే.

ఇంకో రకం మోసం అసలు నాణెం మీదే జరుగుతుంది. 1939 నాటి వెండి రూపాయి చాలా అరుదు. 1938ది అంత అరుదు కాదు. చివరి అంకె దిద్దితే ఒకటి రెండోదవుతుంది. ఇలాంటి నాణెం తూకంలో నెగ్గుతుంది, నీళ్ల పరీక్షలో నెగ్గుతుంది, యంత్రంలోనూ నెగ్గుతుంది. దాన్ని పట్టించేది ఆ ఒక్క అంకె చుట్టూ ఉన్న గీతలు, లోహపు రంగులో తేడా మాత్రమే. అరుదైన సంవత్సరం కనిపించినప్పుడే ఎక్కువ అనుమానించాలన్నది సేకర్తల మొదటి పాఠం.

మూడో రకం, ఎప్పుడూ లేని నాణేలు. ఒక వైపు సీతారామలక్ష్మణులు, హనుమంతుడు, ఇంకో వైపు 'ఈస్ట్ ఇండియా కంపెనీ, 1818, అణా' అని ఉండే బిళ్లలు తెలుగు నాట ఊరూరా కనిపిస్తాయి. కొన్నిటి మీద 1717 అనీ ఉంటుంది. కంపెనీ అలాంటి నాణేలు ఎన్నడూ జారీ చేయలేదు. అవి గుళ్ల దగ్గర, తిరునాళ్లలో అమ్మిన బిళ్లలు, వాటి నమూనాలు. వీటినే 'రైస్ పుల్లింగ్' ముఠాలు 'బియ్యాన్ని లాగే మహిమగల నాణెం, విదేశీ సంస్థలు కోట్లు ఇస్తాయి' అని చూపించి ఏళ్లుగా డబ్బు గుంజుతున్నాయి.

కంపెనీ నాణేల మీద దేవుడి బొమ్మ అసలు ఉండదని కాదు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో మద్రాసు టంకశాల వెండి అర పగోడా అచ్చువేసింది. పగోడా అంటే మనవాళ్ల వరహా. దాని మీద ఒక వైపు గుడి గోపురం, ఇంకో వైపు విష్ణుమూర్తి ఉంటాయి. ఇంగ్లిషు, పారశీకం, తమిళంతో పాటు తెలుగు అక్షరాలూ ఉంటాయి. తెలుగు లిపి ఉన్న ఆ అసలు నాణెం గురించి తెలిసినవారు తక్కువ. ఎన్నడూ లేని రాముడి అణా గురించి తెలియనివారు లేరు.

విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

పాతదైతే విలువైనదన్న నమ్మకం బలంగా ఉంది కానీ, నాణేల లోకంలో వయసుకు పెద్ద విలువ లేదు. రెండు వేల ఏళ్ల నాటి మామూలు నాణేల కంటే 1939 రూపాయికి ఎక్కువ ధర పలకవచ్చు. ధరను నిర్ణయించేవి మూడు: ఎన్ని మిగిలాయి, ఎంత బాగా ఉన్నాయి, ఎందరు కొనాలనుకుంటున్నారు.

అయిదో జార్జి రూపాయల్నే తీసుకుందాం. అన్నిటికంటే ఎక్కువగా దొరికే వాటిలో 1918 రూపాయి ఒకటి. కారణం మొదటి ప్రపంచ యుద్ధం. యుద్ధపు అలజడిలో జనం నోట్లను నమ్మక వెండి రూపాయలు అడగడం మొదలుపెట్టారు. ప్రభుత్వం దగ్గర వెండి అడుగంటింది. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి, తన ఖజానాలోని వెండి డాలర్లను కరిగించి, సుమారు 20 కోట్ల ఔన్సుల వెండిని భారతదేశం కోసం బ్రిటన్‌కు అమ్మింది. ఆ ఒక్క సంవత్సరంలోనే బొంబాయి, కలకత్తా టంకశాలలు 40 కోట్లకు పైగా రూపాయలు అచ్చువేశాయి. అంత విరివిగా పుట్టిన నాణెం నూరేళ్లు దాటినా అరుదు కాలేదు.

అదే రాజు బొమ్మతో వచ్చిన 1911 రూపాయి కథ వేరు. రాజు వేసుకున్న హారంలో ఒక ఏనుగు ఉంటుంది. తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా ఉందన్న గగ్గోలు పుట్టింది. ముద్రించిన 94 లక్షల్లో సుమారు 7 లక్షలే జనంలోకి వెళ్లాయి. మిగతా వాటిలో చాలావరకు కరిగించారు. మరుసటి ఏడాది ఏనుగు తొండాన్ని సరిచేశారు. అందుకే 1911 రూపాయికి తోటి రూపాయల కంటే ఎక్కువ ధర ఉంటుంది. 1921, 1922 రూపాయలు కూడా తక్కువగా దొరుకుతాయి. సంవత్సరంతో పాటు టంకశాల గుర్తూ చూడాలి. అయిదో జార్జి రూపాయిలో బొరుసు వైపు చిన్న చుక్క ఉంటే బొంబాయి, గుర్తేమీ లేకపోతే కలకత్తా. ఒకే సంవత్సరంలో ఒక టంకశాలది మామూలుగా, ఇంకోదానిది అరుదుగా ఉండవచ్చు.

ఇక స్థితి. అదే సంవత్సరం, అదే టంకశాల అయినా చేతులు మారని నాణేనికీ, రాజు ముఖం అరిగిపోయిన నాణేనికీ ధరలో చాలా రెట్లు తేడా ఉంటుంది. తెలుగు ఇళ్లలో దొరికే రూపాయల్లో చాలావాటికి ఇంకో సమస్య ఉంది. మెడలో దండ కోసం కొక్కెం అతికించినవి, మొలతాటికి చిల్లు పొడిచినవి, లంబాడీ స్త్రీల నగల్లోంచి వచ్చినవి ఎన్నో. కుటుంబానికి, జానపద కళకు వాటి విలువ వేరు. నాణేల సంతలో మాత్రం అతుకు ఊడదీసినా మచ్చ మిగులుతుంది, ధర వెండి దగ్గరికి పడిపోతుంది.

కాబట్టి లెక్క కింది నుంచి మొదలుపెట్టాలి. 11.66 గ్రాముల రూపాయిలో అసలు వెండి 10.69 గ్రాములు. 1940–45 నాటి సగం వెండి రూపాయిలో 5.83 గ్రాములు. పాత హాలీ రూపాయిలో 9.14 గ్రాములు. లెక్క సులువు కోసం గ్రాము వెండి 100 రూపాయలు అనుకుంటే అవి వరుసగా 1,069, 583, 914 రూపాయలు. ఆ రోజు ధర ఎంతుంటే దానితో గుణించుకోవచ్చు. ఇది అడుగు ధర. దీనికంటే తక్కువకు అమ్మితే మోసపోయినట్టే. దీనికంటే ఎంత ఎక్కువ వస్తుందన్నది తెలియాలంటే 'ఇంత అడుగుతున్నారు' అని కనిపించే ప్రకటనలు చూసి లాభం లేదు. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. నాణేల వేలం సంస్థలు ప్రచురించే, నిజంగా అమ్ముడుపోయిన ధరల్ని చూడాలి. అదే సంవత్సరం, అదే గుర్తు, అదే స్థితిలో ఉన్న నాణెంతో పోల్చాలి.

దొరికింది కాబట్టి మీదే అవుతుందా?

తాతలు దాచి, చేతులు మారి వచ్చిన పెట్టెలోని నాణెం కుటుంబ ఆస్తి. కానీ మట్టిలోంచి, గోడలోంచి, పునాదిలోంచి బయటపడినది వేరు. దానికి 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం వర్తిస్తుంది. నేలలో గానీ, నేలకు అంటిపెట్టుకున్న కట్టడంలో గానీ దాగి ఉన్న విలువైన వస్తువు ఏదైనా ఈ చట్టం దృష్టిలో నిధే. లంకెబిందెలే దొరకాలని లేదు. దాని విలువ 10 రూపాయలు దాటితే చాలు. 1878లో పది రూపాయలంటే పది తులాల వెండి. ఈ రోజు ఒక్క నాణెం దొరికినా ఆ గీత దాటినట్టే.

అలా దొరికినప్పుడు ఏమి దొరికింది, ఎక్కడ, ఏ తేదీన అన్నది కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దొరికిన వాటిని దగ్గరలోని ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి, లేదా తగిన హామీ ఇవ్వాలి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులెవరైనా ఉన్నారేమో విచారిస్తారు. గత నూరేళ్లలో ఫలానావారు దాచినదని తేలితే వారికి, వారి వారసులకు హక్కు ఉంటుంది. ఎవరూ లేరని తేలితే, ముందస్తు ఒప్పందమేదీ లేనప్పుడు, దొరికినవారికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు. చారిత్రక విలువ ఉందనుకుంటే ప్రభుత్వం లోహపు విలువకు అయిదో వంతు కలిపి చెల్లించి తీసుకోవచ్చు. దాచిపెడితే మాత్రం వాటా పోవడంతో పాటు ఏడాది వరకు జైలు, జరిమానా లేదా రెండూ పడవచ్చు. దానికి సహకరించిన స్థలం యజమానికీ శిక్ష ఉంది.

1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం మరో కోణం. నూరేళ్లు నిండిన ప్రతి నాణెమూ ఈ చట్టం ప్రకారం పురావస్తువు. ఈ గీత ఏటా ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. అలాంటి నాణెం ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. వాటితో వ్యాపారం చేయాలంటే లైసెన్సు కావాలి. దేశం దాటించడం మాత్రం వ్యక్తులకు నిషిద్ధం. ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, జరిమానా ఉంటాయి. అమ్మమ్మ ఇచ్చిన విక్టోరియా రూపాయిని గుర్తుగా పర్సులో వేసుకుని అమెరికా విమానం ఎక్కే పిల్లలకు ఈ సంగతి తెలియదు.

చట్టం ఇంత పట్టుబట్టడానికి కారణం వెండి విలువ కాదు. ఒక కుండలో ఏయే నాణేలు కలిసి ఉన్నాయి, ఏ లోతులో, ఏ ఊళ్లో అన్నదే చరిత్రకారుడికి కావలసింది. తెలంగాణలోని పెద్దబంకూరులో బయటపడిన శాతవాహనుల నాణేలు, అమరావతిలో దొరికిన వేల వెండి విద్ధాంక నాణేలు మన గతం గురించి అంత చెప్పగలిగాయంటే, అవి ఒకచోట ఉండి, పరిశోధకుల చేతికి అందడం వల్లే. అవే నాణేలు పదిమంది పంచుకుని తలా ఒకచోట కరిగిస్తే మిగిలేది కొంత వెండి మాత్రమే.

ఫోన్‌లో లక్షలు

రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులో ఒక హెచ్చరిక జారీ చేసింది. పాత నోట్లు, నాణేల కొనుగోలు, అమ్మకాల పేరుతో తన పేరును, ముద్రను వాడి రుసుములు, కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని, తాను అలాంటి లావాదేవీలు జరపనని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని స్పష్టం చేసింది.

ఈ మోసాల తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఫోటో పంపగానే 'అరుదైనది, అయిదు లక్షలు' అంటారు. తర్వాత రిజిస్ట్రేషన్ రుసుము అంటారు. ఆ తర్వాత జీఎస్టీ, బీమా, కొరియర్ అంటూ చిన్న చిన్న మొత్తాలు లాగుతారు. నాణెం మాత్రం ఎప్పుడూ అడగరు. ఒక్క సూత్రం గుర్తుంటే చాలు: కొనేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు.

దీనికి తిరగేసిన మోసం ఇంకోటి ఉంది. 'తవ్వకాల్లో బిందె దొరికింది, గుట్టుగా అమ్మేస్తాం' అంటూ ఒకటి రెండు అసలు నాణేలు పరీక్షకు ఇస్తారు. అవి నిజమని తేలాక మూట అప్పగిస్తారు. మూటలో ఉన్నవి ఇత్తడో, జర్మన్ సిల్వరో. కొన్నవారు చట్టవిరుద్ధమైన పని చేశారు కాబట్టి పోలీసుల దగ్గరికి వెళ్లడానికి భయపడతారు. మోసగాళ్ల ధైర్యం అదే.

ఎవరికి చూపించాలి?

మట్టిలోంచి వచ్చిన నాణేలైతే మొదటి మెట్టు కలెక్టరు కార్యాలయం, రాష్ట్ర పురావస్తు శాఖ. కుటుంబ నాణేలైతే నాణేల సేకర్తల సంఘాలు జరిపే ప్రదర్శనలకు తీసుకెళ్లి, ఒకరికి కాక ఇద్దరు ముగ్గురికి చూపించాలి. కొనబోయే వ్యక్తే విలువ కట్టేవాడు కాకూడదు. హైదరాబాద్‌లోని సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియంలో నాణేలు ఎలా తయారయ్యేవో చూడవచ్చు. అచ్చు, ఒత్తిడి, అంచు గీతలు అంటే ఏమిటో ఒకసారి కళ్లారా చూసినవారికి మూసలో పోసిన నకిలీని పట్టుకోవడం తేలికవుతుంది.

చూపించడానికి తీసుకెళ్లే ముందు నాణేనికి రెండు వైపులా, అంచుకూ ఫోటోలు తీసి, బరువు, వ్యాసం, ఎక్కడ ఎలా దొరికింది అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మామూలు ప్లాస్టిక్ కవర్లలో కాకుండా ఆమ్లం లేని కాగితపు కవరులో, తేమ తగలని చోట ఉంచాలి. ఇన్ని చేశాక చాలా రూపాయలు మామూలు రూపాయలుగానే తేలతాయి. వాటికి వెండి ధర, దానిపైన కొద్దిగా వస్తాయి. ఆ కొద్దిపాటి సొమ్ము కోసం తాత మొలతాటి రూపాయిని అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది త్రాసు చెప్పలేదు, ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి.